రెమ్మ ఉందా, లేదా

మార్చి 3, మంగళవారం

చూద్దాం సార్ పిలిచాడు. మా డైరెక్టరు. ఏది అడిగినా చూద్దాం అంటాడు కాబట్టి ఆ పేరు. ఇవాళ చూద్దాం అనలేదు. తలుపు వేసి రమ్మన్నాడు. ఆయన తలుపు వేయమన్నాడంటే ఎవరి కొంపో మునిగిందని అర్థం.

మునిగింది మా కొంపే. భూతద్దం అని మేం పేరు పెట్టుకున్న ఓ బయటి పరిశోధకుడు ఒక వ్యాసం రాశాడట. అచ్చుకు వెళ్ళకముందే మర్యాద కోసం మ్యూజియానికి ఒక కాపీ పంపాడు. పోయిన ఏడాది వచ్చి, వారం రోజులు మా స్లైడ్లన్నీ చూసి, మా కాఫీ తాగి, అందరికీ పేరు పేరునా థాంక్స్ చెప్పి వెళ్ళిన పెద్దమనిషి ఈయనే. వ్యాసమంతా మామూలే. చివరి పేజీలో ఒక్క వాక్యం: రెమ్మ అసలు నమూనా చెప్పిన చోట లేదు, ఆ స్లైడులో మరెక్కడా కనబడలేదు, కాబట్టి అప్పట్లో అచ్చయిన ఫొటో దేనిదో విచారించాల్సి ఉంది.

మర్యాద తీసేసి చదివితే దొంగ అని.

రెమ్మ మా అత్తయ్యది. ఇక్కడే పనిచేసి రిటైరైంది, ఇప్పటికీ అందరికీ మేడమ్.

నెలాఖరులోగా మ్యూజియం జవాబు ఇవ్వాలట. నాచులు తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలానట. కోడలివని తెలుసమ్మా, కానీ వేరే దిక్కు లేదు అన్నాడు చూద్దాం సార్. మేడమ్‌కి మాత్రం అప్పుడే చెప్పకు, ఆవిడ నా గదికొచ్చి నిలబడిందంటే నాకు వారం నిద్రుండదు అన్నాడు. నవ్వొచ్చే మాటే. నవ్వు రాలేదు.

సరే అన్నాను. ఎందుకన్నానో.

మార్చి 4

బస్సులో కూర్చోలేక మధ్యలో దిగి నడిచాను. నడుస్తూ దారంతా నాకు నేనే పాఠం చెప్పుకున్నాను, పరీక్షకు వెళ్ళేదానిలా.

వంద కోట్ల ఏళ్ళనాటి నల్ల చెకుముకి రాయి. దాన్ని వెలుతురు దూరేంత పలచగా అరగదీసి గాజు పలక మీద అంటిస్తే స్లైడు. రాతి లోపల, తేనెలో చిక్కుకున్నట్టు, నాచు పోగులు. ఆ ప్రీకేంబ్రియన్ కాలపు రాళ్ళలో మాకు దొరికే నాచులన్నీ కొమ్మా రెమ్మా లేని ఒంటి పోగులే. వాటిలో కొమ్మ వేసినది ఒక్కటి దొరికినా కథ మారుతుంది. అప్పటికే కణాలు నువ్వు ఇటు, నేను అటు అని పని పంచుకున్నాయన్నమాట. అలాంటిది అత్తయ్యకు దొరికింది. నేను అప్పటికి పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నాను. ఆవిడ దానికి నోరు తిరగని లాటిన్ పేరు పెట్టింది. అందరం రెమ్మ అంటాం.

పేరు పెట్టినదానికి ఒకే ఒక్క సాక్షి ఉంటుంది. దాన్ని టైపు అంటాం. ఫలానా స్లైడులో, ఫలానా చోట, ఫలానా పోగు. అది లేకపోతే పేరు లేదు. పేరు లేకపోతే దాని కింద చేర్చినవన్నీ రోడ్డున పడతాయి.

రెమ్మ కింద చేర్చిన జాతులు ఐదు. ఐదూ నావి. నా పీహెచ్‌డీ, నా ఉద్యోగం, గోడ మీది అవార్డు ఫ్రేమూ అన్నీ ఆ ఐదే. థీసిస్ మీద సంతకం కోసం మేడమ్ ఇంటికి వెళ్ళి కొడుకును కూడా పట్టుకొచ్చానని డిపార్ట్‌మెంట్‌లో జోకు. అంటే మొగుడు కూడా ఆ ఐదు వల్లే.

మార్చి 6, శుక్రవారం

పాత మైక్రోస్కోపు కారిడార్‌లో గాజు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి స్టోర్లో. స్టోర్ తాళంచెవి సెక్యూరిటీ దగ్గర. సెక్యూరిటీ టీకి. అలా మధ్యాహ్నమైంది.

స్లైడు పెట్టే దాని పీటకు రెండు కొలబద్దలుంటాయి, నిలువుకొకటి, అడ్డానికొకటి. అత్తయ్య వ్యాసంలో ఇచ్చిన రెండు అంకెలూ ఈ మైక్రోస్కోపువే. భూతద్దం కూడా దీంట్లోనే చూశాడు. కాబట్టి ఒక మైక్రోస్కోపు అంకెలు ఇంకోదానికి మార్చేటప్పుడు లెక్క తప్పిందని సరిపెట్టుకునే దారి కూడా లేదు.

స్లైడు బిగించాను. ఒక కొసన పసుపురంగు తిరిగిన కాగితం చీటీ, దాని మీద నంబరు, అత్తయ్య గుండ్రటి చేతిరాత. చీటీ ఎడమవైపు పెట్టి, నిలువు అంకె, అడ్డం అంకె కలిపి, కన్ను ఆనించాను.

గాలి బుడగ. రాయిని గాజుకు అంటించేటప్పుడు జిగురులో చిక్కినది. పక్కన ఒక నల్ల మచ్చ. అంతే.

తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ బుడగే. కారిడార్‌లో వెళ్ళేవాళ్ళు ఏంటండీ మ్యూజియం పీసు బయటకు తీశారు అని అడుగుతున్నారు. దుమ్ము దులుపుతున్నాను అన్నాను.

మార్చి 7

బుడగే.

మార్చి 8, ఆదివారం

ఈ ఇంట్లో ఏదైనా దాగడం కష్టం. అత్తయ్య రిటైరయ్యాక వర్గీకరించడానికి నాచులు లేవు కాబట్టి ఇల్లు మొదలుపెట్టింది. చెంచాల సొరుగులో కాడ వంపును బట్టి గడులు. మా ఆయన పనిముట్ల పెట్టెలో మేకులన్నీ తలలను బట్టి డబ్బాల్లో. బొత్తాల సీసాలు మూడు: రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి, సందేహాస్పదమైనవి. ఆ మూడో సీసా చూసినప్పుడల్లా నాకు ఆవిడంటే ప్రేమ పుట్టుకొచ్చేది. ఎక్కడ పెట్టాలో తెలియనిదాన్ని తెలియదని చెప్పి విడిగా పెట్టే మనిషి. ఇవాళ ఆ సీసా వైపు చూడలేకపోయాను.

మధ్యాహ్నం ఆవిడ అడిగింది, ఏమ్మాయ్, ల్యాబ్‌లో ఏం నడుస్తోంది అని. ఏముంది అత్తయ్యా, ఎప్పటి రాళ్ళే అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. నేను వెళ్ళి చెంచాల సొరుగు ధడాలున మూశాను. అత్త మీద కోపం దుత్త మీద. ఆ సొరుగేం పాపం చేసింది అన్నాడు మా ఆయన పేపరు దించకుండా.

మార్చి 10

స్లైడు మొత్తం వెతుకుతున్నాను. కొత్త మైక్రోస్కోపు కింద పెట్టి, పొలం దున్నినట్టు వరసలు వరసలుగా. ఇటు చివర నుంచి అటు చివరకు, ఒక మెట్టు దిగి, అటు నుంచి ఇటు. తపాలా బిళ్ళంత రాయి. వేల పోగులు. సన్నవి, లావువి, తెగినవి, చుట్టుకున్నవి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డవి. ఒక్కటీ కొమ్మ వేయలేదు.

సాయంత్రానికి కళ్ళు మూసుకున్నా పోగులే. బస్సు కిటికీ మీద వాన చారలు కూడా పోగులే.

మార్చి 12, గురువారం

ఇవాళ నాకొచ్చిన ఆలోచన రాయకూడదు. రాస్తాను, నా డైరీయే కదా.

అప్పట్లో ఆవిడ వయసు ఇప్పటి నా వయసు. డిపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఆడది. చిన్న పిల్లాడు. రెమ్మ అచ్చయిన ఏడే ప్రమోషన్ వచ్చింది. ఫొటో నెగటివ్ లేదు, గది మారేటప్పుడు పోయిందని చెబుతారు. అచ్చులో ఉన్న బొమ్మ మసక. ఒక పోగు, దాని పక్క నుంచి మొలిచిన ఇంకో పోగు, అంతే. ఏ బూజును ఫొటో తీసినా అలాగే ఉంటుంది.

నాకు కొలవడం, అనుమానించడం, తెలియనప్పుడు తెలియదనడం నేర్పింది ఆవిడే. నేర్పినదాన్ని తీసుకెళ్ళి ఆవిడ మీదే పెడుతున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా ఆలోచన ఆగడం లేదు.

మార్చి 13

స్లైడు అయిపోయింది. లేదు.

మార్చి 15, ఆదివారం

మా ఆయనకు చెప్పేశాను. ఆయన పళ్ళ క్లినిక్‌కి వెళ్ళి మరీ చెప్పాను, ఇంట్లో గోడలకు చెవులున్నాయి కాబట్టి. పేషెంట్లు లేరు. నేను ఆ పళ్ళ కుర్చీలో కూర్చున్నాను, ఆయన తన గుండ్రటి స్టూలు మీద.

ముందు కోపం వచ్చింది. మా అమ్మ జన్మలో అబద్ధం చెప్పదు, నీకు బుద్ధుందా అన్నాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు, అవసరం లేకపోయినా. తర్వాత వీపు నాకు పెట్టి నెమ్మదిగా, చెప్పదు కదా అని నన్నే అడిగాడు.

లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. ఆ కుర్చీ పెడల్ మీద కాలు పడి నేను పైకి లేస్తూ పోయాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. దించి, ఇంటికి తీసుకొచ్చాడు.

మార్చి 16, సోమవారం, ఉదయం

ఆఫీసుకు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానన్నాను.

తెల్లవారాక వంటింట్లోకి వెళ్తే అత్తయ్య అప్పటికే కాఫీ పెట్టి రెండు కప్పుల్లో పోసి కూర్చుంది. నాకోసమే. కూర్చో, ఎన్నాళ్ళు మోస్తావు అంది. నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నటించాను అంటే సరిగ్గా ఉంటుంది. అప్పుడావిడ చెప్పింది. భూతద్దం జనవరిలోనే ఆవిడకు మెయిల్ రాశాడట. మీ నమూనా నాకు దొరకలేదు, ఎక్కడుందో చెప్పగలరా అని. చాలా మర్యాదగా రాశాడు పాపం అంది. ఆవిడ జవాబివ్వలేదు.

ఎందుకివ్వలేదు అని అరిచాను. అవును, అరిచాను. ఒక్క మాట రాసి ఉంటే ఆ వాక్యం పుట్టేదే కాదు కదా అన్నాను. నేను చూశానని నేనే చెప్పుకుంటే దానికి విలువేముందే పిచ్చిదానా, ఇంకోళ్ళు చూసి చెప్పాలి గానీ అంది. ఆ చూసేది నువ్వే అవుతావని తెలుసు, నీ చేతుల్లోకి వచ్చిందని నువ్వు సొరుగు మూసిన రోజే తెలిసింది, అడుగుతావేమోనని చూస్తున్నాను అంది.

ఏమని అడగను అన్నాను. ఉందా లేదా అని అంది.

అడిగాను. కాఫీ కప్పు వైపు చూస్తూ అడిగాను.

ఉంది అంది. నా కళ్ళతో చూశాను అంది. కానీ ఆ మెయిల్ వచ్చినప్పటి నుంచి రోజూ పడుకోబోయే ముందు చూశానా లేదా అని నన్ను నేనే అడుగుతున్నాను, ఇన్నేళ్ళయింది కదా, ఇప్పుడు గుర్తున్నది రెమ్మా, ఫొటోనా తెలియడం లేదు అంది.

ఆవిడ భయపడటం చూడటం ఇదే మొదటిసారి. నేను ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోవాల్సింది.

మార్చి 16, సాయంత్రం

చూద్దాం సార్‌కి చెప్పాను, రేపు మేడమ్ వస్తున్నారు అని. చూద్దాం అన్నాడు. చూడటానికేం లేదు, వస్తున్నారు అన్నాను.

మార్చి 17, మంగళవారం

వచ్చింది. రిటైరైన తర్వాత మొదటిసారి. ఆవిడ గదిలో ఇప్పుడు జిరాక్స్ మెషీన్ ఉంది. తలుపు దగ్గర ఆగి చూసి, బాగా గాలి వస్తుంది ఈ గదిలో, మెషీన్ వేడెక్కదు అంది. చూద్దాం సార్ నేల చూపులు చూశాడు.

రూలు ప్రకారం ఆవిడ ఒంటరిగా స్లైడు ముట్టకూడదు. అందుకని ముగ్గురం. పాత మైక్రోస్కోపు ముందు కుర్చీ వేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి, స్లైడు అందుకుని, మాట్లాడుతూనే, చెయ్యి దానంతట అదే పోయినట్టుగా పీట మీద పెట్టి క్లిప్పు వేసింది.

చీటీ కుడివైపు.

అటు కాదత్తయ్యా, చీటీ ఎడమవైపు అన్నాను. ఎడమవైపేంటి అంది. ఎప్పుడూ ఎడమవైపే కదా అన్నాను. మీకేమో, మేమెప్పుడూ కుడివైపే, ఎడమవైపు పెడితే ఈ క్లిప్పు చీటీ మీదికెక్కి సిరా గీకేసేది, మందపాటి కాగితాలు కదా అప్పుడు అంది. మరి వ్యాసంలో ఆ ముక్క రాయలేదేం అన్నాను. అందరికీ తెలిసిందాన్ని ఎవరైనా రాస్తారా, అన్నం నోటితో తినాలని రాస్తామా అంది.

ఆ తర్వాత ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. స్లైడు అటు కొస ఇటు తిరిగితే ఆ రెండు అంకెలూ రాతికి అటు మూలకు వెళ్ళిపోతాయి. భూతద్దం, నేను, ఇద్దరం తప్పు మూలలో నిలబడి తలుపు కొడుతున్నాం.

అంకెలు కలిపింది. కన్ను ఆనించింది. భుజాలు కిందికి దిగాయి. ఇదిగో అంది, అంతే. లేచి నాకు చోటిచ్చింది.

రెమ్మ. ఫొటోలో ఉన్నట్టే. ఒక పోగు, దాని పక్క నుంచి ఏటవాలుగా మొలిచిన ఇంకో పోగు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. చూద్దాం సార్ కూడా చూశాడు, చప్పట్లు కొట్టాడు, అటెండరును స్వీట్లకు పంపి, కారిడార్ పొడుగునా చెప్పుకుంటూ పోయాడు. నేను అత్తయ్యను కావలించుకున్నాను. క్షమించండి అన్నాను. చాల్లే, అనుమానించకపోతే నేను నేర్పిందేంటి అంది.

ఇక్కడితో ఇవాళ్టి పేజీ ఆపేస్తే ఎంత బాగుండేది.

ఆవిడే అడిగింది, ఏదీ, మీ కొత్తదాంట్లో ఎలా కనిపిస్తుందో చూపించు అని. కొత్త మైక్రోస్కోపుకు మార్చాను. పెద్ద లెన్సు పెట్టాను. ఆవిడ కూర్చుని ఫోకస్ మీట తిప్పింది. పైకి. కిందికి. మళ్ళీ పైకి. చాలాసేపు తిప్పింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఇంటికెళ్దాం పద అంది.

ఒక్క నిమిషం అని నేనూ చూశాను. మీట కొద్దిగా తిప్పితే పై పోగు స్పష్టంగా ఉంది, రెండో పోగు లేదు. ఇంకొంచెం తిప్పితే పై పోగు కరిగిపోయింది, కిందది తేలింది. మధ్యలో ఖాళీ రాయి. ఒకటి పైన పడుకుంది, ఇంకొకటి బాగా కింద. ఒకదాన్నొకటి ముట్టుకోవడం కూడా లేదు. పాత లెన్సుకు లోతు తెలియదు, రెండింటినీ ఒకే బొమ్మలో చూపించేది.

కొమ్మ కాదు. రెండు మామూలు పోగులు.

స్వీట్లు వచ్చాయి. ఇద్దరం తిన్నాం.

మార్చి 18

ఇంకో సంగతి. దీన్ని నేను పోయిన వారమే చూశాను. ఈ మూల, ఈ రెండు పోగులే. మామూలువి, ఒకదాని మీద ఒకటి అనుకుని దాటేశాను. రెమ్మ కోసం వెతుకుతూ రెమ్మను దాటేశాను.

మార్చి 20, శుక్రవారం

పెద్ద గొడవ.

రెండు పోగుల సంగతి చూద్దాం సార్‌కి చెప్పాను. ఆయన లెక్క సులువు. వాళ్ళడిగింది ఉందా లేదా అని. ఉంది. చీటీ సంగతి రాయి, పాత లెన్సుతో ఫొటో పెట్టు, అచ్చు గుద్దినట్టు సరిపోతోంది, భూతద్దం నోరు మూతబడుతుంది, ఇంకేం కావాలి అన్నాడు. అడగని ప్రశ్నకు జవాబెందుకమ్మా అన్నాడు. నాకు ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో. ఆఫీసు నుంచి ఇంటి వరకు ఆ మాటను చప్పరిస్తూ వచ్చాను.

ఇంటికొచ్చి అత్తయ్యకు అదే చెప్పాను. ఆవిడ ఒక్కసారిగా లేచింది. రెండు పోగులని రాయి అంది. నా దగ్గర వాదాలు సిద్ధంగా ఉన్నాయి. మీ పరువు నిలబడింది కదా, దాన్ని మళ్ళీ మీ చేత్తో మీరే ఎందుకు తీసుకోవడం అన్నాను. పరువు నేను అబద్ధం ఆడలేదన్నంతవరకే, అది తేలిపోయింది, ఇది పొరపాటు, పొరపాటును దాస్తే అప్పుడు మొదలవుతుంది అబద్ధం అంది. నువ్వు రాయకపోతే నేను రాస్తాను అంది.

అప్పుడు నోరు జారాను. మీకేం, రిటైరైపోయారు, మీ ఒక్క రెమ్మ పోతుంది, నావి ఐదు పోతాయి, నాకింకా ఇరవయ్యేళ్ళ పైనే సర్వీసుంది, మీ తప్పుకు నేను రోడ్డున పడాలా అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. నీవి ఐదూ నేనే చూసి సంతకం పెట్టాను అంది. అంతే అంది. వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది.

మా ఆయనకు జరిగింది చెబితే, మాకు రోజూ ఇదే గొడవ, ఎక్స్‌రేలో పంటివేళ్ళు రెండుంటే ఒక్కటిగా పడతాయి, అనుమానమొస్తే పక్క నుంచి ఇంకోటి తీస్తాం అన్నాడు. ఆ సమయంలో ఆ మాట అనొచ్చా? దిండు తీసుకుని హాల్లోకి పోయాను.

మార్చి 21

ఇంట్లో మాటల్లేవు. చెంచాలు మాత్రం చప్పుడు చేస్తున్నాయి.

మార్చి 22, ఆదివారం

జవాబు మూడు రకాలుగా రాశాను. మొదటి దాంట్లో రెమ్మ ఉంది. రెండో దాంట్లో రెమ్మ ఉంది, కానీ నిర్మాణంపై మరింత పరిశీలన అవసరం. ఈ రెండోదాన్ని చదువుకుని నాకే ఒళ్ళు మండింది. గోడ మీది పిల్లి. మూడోది రాయడం మొదలుపెట్టి ఆపేశాను.

వంటింట్లోకి, హాల్లోకి, బాల్కనీలోకి తిరిగాను. కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు అన్నాడు మా ఆయన. పిల్లులు ఎక్కువయ్యాయి ఈ పేజీలో.

మార్చి 23, సోమవారం

పొద్దున్నే వెళ్ళి పాత మైక్రోస్కోపులో పెట్టి చూశాను, చీటీ కుడివైపు. ఈ లెన్సులో కొమ్మలాగే కనిపించాలి. మొన్న ఏడిపించిన బొమ్మే ఇది. కనిపించలేదు. కళ్ళు చికిలించాను, వెలుతురు తగ్గించాను, కాసేపు బయట తిరిగొచ్చి మళ్ళీ చూశాను. ఒకసారి రెండుగా చూశాక మళ్ళీ ఒకటిగా చూడటం నా వల్ల కాలేదు. కావాలని ఎంత ప్రయత్నించినా కాలేదు. ధైర్యం వల్ల కాదు, నిజాయితీ వల్లా కాదు. కళ్ళు మొండికేశాయి.

మూడో జవాబు పూర్తి చేశాను. నమూనా ఉంది. చీటీ కుడివైపు పెట్టి చూడాలి. ఫొటో దానిదే, విచారణ అక్కర్లేదు. అది కొమ్మ కాదు, వేరువేరు లోతుల్లో ఉన్న రెండు పోగులు. రెమ్మ అనే పేరు నిలబడదు. కింద అత్తయ్య పేరు, నా పేరు. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి ఆవిడ తలుపు సందులోంచి తోశాను. కాసేపటికి అదే సందులోంచి బయటకొచ్చింది. ఒక కామా తీసేసింది. సంతకం పెట్టింది.

పంపేశాను.

మార్చి 24

చూద్దాం సార్ నాతో మాట్లాడటం లేదు. కారిడార్‌లో ఎదురైతే నోటీసు బోర్డు చదువుతున్నాడు. అందులో పోయిన ఏడాది నోటీసులున్నాయి.

మార్చి 27, శుక్రవారం

భూతద్దం జవాబు. ఆ వాక్యం తీసేస్తున్నాడట. అత్తయ్యకు క్షమాపణ, రెండు పేరాలు. నిజంగానే సిగ్గుపడ్డాడని తెలుస్తోంది. చివర మాత్రం: మీ ఐదు జాతులను కూడా ఇదే విధంగా ఫోకస్ మార్చి పరిశీలించారా, తెలుసుకోవాలని ఉంది.

నాకు తెలుసుకోవాలని లేదు.

మార్చి 29

ఆ ఐదు స్లైడ్లున్న సొరుగు నా బల్ల కిందే ఉంది. కాలు దానికి తగిలినప్పుడల్లా వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం కూడా ఆఫీసుకు వెళ్ళాను, ఏం చేద్దామనో. బల్లంతా తుడిచి వచ్చాను.

మార్చి 31, మంగళవారం

పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య కూడా వేసుకుంది. చేతిలో కళ్ళజోడు పెట్టె. ఎక్కడికి అన్నాను. సంతకాలు పెట్టిందాన్ని నేను, చూడాల్సింది కూడా నేనే, నీ కొత్త మిషను మీట తిప్పడం సరిగ్గా నేర్పు అంది.

రోడ్డున పడాలా అన్న ఆ మాటకు నేను ఇంకా క్షమించమని అడగలేదు. బస్సులో అడిగాను. వినపడనట్టు కిటికీలోంచి చూసింది. తర్వాత టికెట్లు తనే తీసింది, ఇద్దరికీ.

మొదటిది పెట్టాం. పైకి, కిందికి. విడిపోయింది. కొత్త మిషను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నా మొదటి జాతి. దానికి పేరు పెట్టిన రోజు చొక్కా మీద ఒలికిన సిరా రంగు కూడా గుర్తుంది. రెండు పోగులు, మధ్యలో ఖాళీ రాయి. తల్లికి వచ్చిన జబ్బే పిల్లకు.

ఇక చాలు ఇవాళ్టికి అంది అత్తయ్య. నన్ను చూడకుండా నా భుజం తట్టింది.

ఏప్రిల్ 1

రెండోదీ పోయింది. ఏడవలేదు. ఆకలేసింది, అదే ఆశ్చర్యం.

ఏప్రిల్ 2, గురువారం

మూడోది. అత్తయ్య పొద్దుటి నుంచి తిప్పుతోంది. పైకి తిప్పితే రెండూ మసకబారుతున్నాయట, కిందికి తిప్పితే రెండూ మసకబారుతున్నాయట, మధ్యలో రెండూ కలిసే తేలుతున్నాయట. విడిపోవడం లేదే అమ్మాయ్, ఒకే లోతులో కలిసే ఉన్నాయి అంది.

వెనక నిలబడి ఇది రాస్తున్నాను. జరగండత్తయ్యా అని మూడుసార్లు అన్నాను.

జరగడం లేదు.